ఆ జాబితా ఒక్క క్షణం ఆగొచ్చుగా!

భీమవరంలో రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ ఫ్యాను రొయ్యల చెరువులో ఏరియేటర్‌లా మోత పెడుతుంటే, అంతలా ఏది తినేస్తోందో చూద్దామని నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే హెచ్‌టాప్ తెరిచాను. బ్రౌజర్ సీపీయూ 187 శాతం! నూరు దాటిందేంటని కంగారు పడకండి, అందులో నూరంటే ప్రాసెసర్‌లో ఒక్క కోర్, అంటే పనిచేసే ఒక్క భాగం, నిండినట్టు, అంతే. నా గోల అది కాదు. బాణం కీతో దిగి, సరిగ్గా ఆ వరస మీద ఆగి, దాన్ని ఆపేయడానికి ఎఫ్9 నొక్కేలోపు జాబితా మళ్లీ తారుమారైంది, నేను చూసుకోకుండా ఎంటర్ కొట్టేశాను, పోయింది, సేవ్ చేయని నా ఎడిటర్! పెద్ద ఎఫ్ అక్షరం కొడితే ఎంచుకున్న వరస మీది గీత ఆ ప్రోగ్రామ్ వెంటే వెళ్తుందట, ఆ ముక్క అంతా పోయాక తెలిసింది. పక్కింటి కుర్రాడేమో "ఆయ్, చూసుకుని నొక్కాలి కదండీ" అంటాడు తాపీగా. బ్రౌజర్ మాత్రం ఇంకా పై వరసలోనే, దర్జాగా.