ఆస్పత్రి ఉంటే సరిపోదండి, తల్లి మాట చెల్లాలి

పసిపిల్లల మరణాలు తగ్గాలంటే ఇంకా ఆస్పత్రులు కట్టాలని ఈమధ్య ఒకరు రాశారు, కట్టాలి, కాదనను. కానీ మా ఊరికి ఆస్పత్రి మూడు కిలోమీటర్లేనండి, అయినా మా మేనత్త కూతురి బాబు, ఆర్నెల్లోడు, డొక్కలెగరేస్తుంటే ఆ పిల్ల పొద్దున్నించీ మొత్తుకుంటానే ఉంది, అత్తగారేమో పసరు పోయించాంగా తగ్గుద్దిలే అంటది, మొగుడు లారీ మీద పోయి ఫోనెత్తడు, చేతిలో ఆటోకి వంద రూపాయలు లేవు. చివరికి పక్కింటి డ్వాక్రా లీడరు తన డబ్బులిచ్చి ఆటో ఎక్కించింది. న్యుమోనియా అన్నారు. బతికాడు.

బంగ్లాదేశ్‌లో 1980 నుంచి పదేళ్ళపాటు బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ ఆడ వర్కర్లని ఇంటింటికీ పంపింది, పిల్లలకి విరేచనాలైతే చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర లీటరు నీళ్ళు కలిపి పట్టమని తల్లి చేతే కలిపించి నేర్పారు, కోటికి పైగా ఇళ్ళండి! తల్లికి ఎంత గుర్తుందో మళ్ళీ వచ్చి అడిగి దాన్నిబట్టే వర్కర్‌కి డబ్బులిచ్చేవాళ్ళు. అంటే తల్లి బుర్రలోకి ఎక్కిందా లేదా అన్నదే లెక్క.

మన దగ్గర 2020 ఎస్ఆర్ఎస్ (కేంద్రం చేసే జనన మరణాల సర్వే) లెక్కల్లో, పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాదిలోపు చనిపోయే పిల్లలు ఏపీలో 24, తెలంగాణలో 21, కేరళలో 6. కేరళలో ఆస్పత్రులూ బాగుంటాయి నిజమే, కానీ అక్కడ ఆడపిల్లల చదువు ఎప్పట్నించో ఉంది, అది మర్చిపోతే ఎలా? ఆశా వర్కర్ ఇంటికొచ్చినప్పుడు కోడలితో పాటు అత్తగారినీ, మొగుణ్ణీ కూడా కూర్చోబెట్టి చెప్పండి ముందు.