సవరణ: కువైట్ ఖాదిమ్ వీసా నుంచి షూన్ వీసాకి మారడం

ఇంటిపనికిచ్చే ఖాదిమ్ వీసా, అంటే 20వ నంబరు, మీద ఉన్నవాళ్లు కంపెనీ పనికిచ్చే షూన్ వీసాకి, అంటే 18కి, మారవచ్చని మొన్నటి పోస్టులో ఉంది. ఎప్పుడైనా మారవచ్చని కాదు. 2024లో ఆ వీలు జులై 14 నుంచి సెప్టెంబరు 12 వరకే ఇచ్చారు. అప్పుడు కూడా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, ఒప్పుకోవాలి, అతని దగ్గర కనీసం ఏడాది చేసి ఉండాలి, బదిలీకి 50 దినార్లు కట్టాలి.

కొత్త మార్పులంటూ వినిపించేవేవీ అక్కడి గెజిట్‌లో అచ్చయ్యేదాకా చట్టం కావు. రాజోలు, మలికిపురం వైపు అక్కలూ, చెల్లెళ్లూ, "ముందు ఖాదిమ్ మీద వెళ్లు, అక్కడ మార్పిస్తా" అనే ఏజెంటుకి దయచేసి డబ్బు కట్టకండి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో, అంటే కొన్ని దేశాలకి పనికి వెళ్లేముందు మన ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టుతో, ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలన్న మన దేశ నిబంధన వేరేగా ఉంది, అదీ చూసుకోండి.