తల్లులకు పాఠాలు, డబ్బాలకు మినహాయింపు

సెప్టెంబరు వచ్చిందంటే పోషణ మాసం పేరిట అంగన్‌వాడీ కేంద్రాల్లో అన్నప్రాశనలు జరుగుతాయి. అధికారులు వచ్చి పసివాళ్ళ నోటికి పాయసం అందించి, ఆరు నెలలు నిండిన బిడ్డకు ఏం పెట్టాలో తల్లులకు బోధించి వెళ్తారు. అదే వీధి చివర మందుల దుకాణంలో, గల్లాపెట్టె వెనుక అరలో శిశు ఆహారపు డబ్బాలు బారులు తీరి ఉంటాయి. అవి ఇళ్ళకు ఎలా చేరుతున్నాయని మాత్రం ఎవరూ ఆరా తీయరు.

డబ్బా అమ్మడం నేరం కాదు, దానికి ప్రచారం చేయడం నేరం. ఆ సంగతి చెప్పే చట్టం 1992 నుంచీ ఉంది. 2003లో దాన్ని సవరించి, రెండేళ్ళ లోపు పిల్లల ఆహారానికి ఏ రూపంలోనూ ప్రకటనలు ఇవ్వరాదని కట్టుదిట్టం చేశారు. ఉచిత నమూనాలు, కానుకలు, వైద్యులకు బహుమతులు అన్నీ నిషిద్ధమే. ఉల్లంఘిస్తే మూడేళ్ళ వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయినా సెల్‌ఫోన్ తెరిస్తే ఎవరో తల్లి తన అనుభవంగా చెప్పే వీడియో చాటున అదే ప్రచారం నడుస్తోంది.

తమ ఉత్పత్తులు ప్రమాణాలకు లోబడే ఉన్నాయని తయారీదారులు అంటారు. ఉద్యోగం చేసే తల్లికి వెసులుబాటు కావద్దా అని మరికొందరు అడుగుతారు. కావాలి. కానీ ఆ వెసులుబాటు ఇవ్వవలసింది డబ్బా కాదు, చట్టం. ప్రసూతి సెలవు 26 వారాలు, అంటే 182 రోజులు. తల్లిపాలతో పాటు ఘనాహారం మొదలుపెట్టవలసింది సరిగ్గా 180 రోజులకు. రోజుకు రెండు మూడుసార్లు ఓపికగా కూర్చుని తినిపించవలసిన వారంలోనే ఆమె తిరిగి పనికి వెళ్ళాలి. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్న నిబంధనను అమలు చేయించవలసిన యంత్రాంగమే, బిడ్డకు సరిగా పెట్టడం లేదని తల్లిని తప్పుపడుతోంది.

తెల్లవారకముందే బుట్ట పట్టుకుని ఫిషింగ్ హార్బరుకు బయలుదేరే విశాఖ జాలారిపేట తల్లికి ఆ సెలవు కూడా లేదు. ఆమె కానాగంత చేపలు అమ్ముతుంది. ఇంట్లో బిడ్డ టీలో ముంచిన బిస్కెట్టు తింటాడు. పళ్ళు రాని బిడ్డకు చేపేమిటని అత్తగారు అంటారు. ఆడపిల్లకు బేసి నెలంటూ అయిదో నెలలోనే ముద్ద పెట్టే ఇళ్ళున్నాయి, ముహూర్తం కుదరక ఎనిమిదో నెలదాకా ఆగే ఇళ్ళూ ఉన్నాయి. ముల్లు తీసి మెత్తగా మెదిపిన చేప, ఉడికించిన గుడ్డు, పెసరపప్పు ఉగ్గు, చోడి (రాగి) జావ మన వంటింట్లోనివే. వాటి గురించి ఆ అత్తగారితో, మందుల దుకాణదారుతో, సూపర్‌వైజరుతో మాట్లాడేవారు లేరు. అందరూ తల్లితోనే మాట్లాడతారు.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నది 11.3 శాతం మందికే. ఆరు నెలలు దాటిన అయిదేళ్ళ లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండేళ్ళ లోపు పిల్లల ఆహారంలో చక్కెర కలపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డబ్బాల్లో చక్కెరపై 2024లో దేశమంతా గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం స్వయంగా పంచే బాలామృతంలోనూ చక్కెర ఉంది. దాని గురించి నోరు విప్పనివారికి తల్లిని నిలదీసే హక్కు ఎక్కడిది?

ఆహార తనిఖీ అధికారులకు దుకాణాల్లోకి వెళ్ళి సోదా చేసే అధికారాన్ని, సరుకు స్వాధీనం చేసుకునే అధికారాన్ని డబ్బాల ప్రచారాన్ని నిషేధించిన చట్టమే ఇచ్చింది. విశాఖలో ఆ అధికారాన్ని ఎన్నిసార్లు వాడారో, ఎన్ని కేసులు పెట్టారో, ఎన్ని కర్మాగారాల్లో పిల్లల గది ఉందో జిల్లా యంత్రాంగం వెంటనే ప్రకటించాలి. చెప్పడానికి ఏమీ లేకపోతే, వచ్చే సెప్టెంబరులో పాయసం గిన్నె పట్టుకుని ఫొటోలకు నిలబడకపోవడమే మర్యాద.