నీ చలవే తల్లీ అంటే ఏం పోతుంది?

తెల్లవారుజామున అనంతపురం బస్సు దిగి, చేతిలో పాత రిపోర్టుల కవరుతో హెబ్బాళ దగ్గర నిలబడే పెద్దవాళ్లను బెంగళూరులో చూస్తూనే ఉంటాం. ఆఫీసుకు సెలవు పెట్టిన కూతురు వచ్చి వాళ్లను క్యాబ్ ఎక్కిస్తుంది. జయదేవ గుండె ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయిస్తుంది. డాక్టరు కన్నడలో చెప్పింది తెలుగులో వినిపిస్తుంది. ఏ పూట మందులు ఆ పూటకి డబ్బాలో సర్దుతుంది. రాత్రికి డల్లాస్ నుంచి కొడుకు వీడియో కాల్ చేస్తాడు. ‘అంత పనిలోనూ గుర్తుపెట్టుకుని చేశాడు, పాపం!’ అని తండ్రి మురిసిపోతాడు. వంటింట్లో కుక్కర్ దించుతున్న మనిషికి ఆ మాట వినబడుతూనే ఉంటుంది.

అందుకే అంటున్నా, ఎదిగిన పిల్లలు చేసిన సాయాన్ని తల్లిదండ్రులు నోరు తెరిచి మెచ్చుకోవాలి. అదీ ఎదురుగా.

కన్నబిడ్డకు థాంక్స్ ఏమిటి, ఇదేమన్నా హోటలా అంటారు. ఎదుట పొగిడితే ఆయుక్షీణమనీ, దిష్టి తగులుతుందనీ భయపడే పెద్దవాళ్లకు ప్రేమ లేదని నేననను. కానీ అదే తండ్రి, కొడుకు పంపిన డబ్బు గురించి లిఫ్టులో కనబడ్డ ప్రతివారికీ చెబుతాడు. మరి వాడికి దిష్టి తగలదా?

థాంక్స్ అన్న మాట మన ఇళ్లలో అతకదు, నిజమే. దాని అవసరమూ లేదు. ‘నీ చలవే తల్లీ’, ‘నువ్వుండబట్టి గట్టెక్కాం’... మనకు మాటల కరువా? పక్కింటావిడ పులుసు పంపిన గిన్నెను కూడా ఖాళీగా తిప్పి పంపం, అందులో కాస్త పంచదారైనా వేసి ఇస్తాం.

ఇక బాధ్యత అంటారా, ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది. పెళ్లయిన కూతురు కూడా కన్నవాళ్లను పోషించాల్సిందేనని 1987లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తల్లిదండ్రుల పోషణ కోసం తెచ్చిన 2007 నాటి చట్టం ప్రకారం కొడుకైనా కూతురైనా ఒకటే. చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, నెలకు 10 వేల రూపాయల దాకా ఇప్పిస్తారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కని హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణ కూడా చెప్పింది. కాగితం మీద అంతా బాగానే ఉంది. ఊళ్లో మాత్రం రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ‘నీకేం లోటమ్మా, తమ్ముడికి ఓ సంతకం పెట్టేయ్’ అంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అనుమానం. కూతురు చేసిందని పైకి ఒప్పుకుంటే వాటా కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆ జంకుతోనే చాలా ఇళ్లలో మెచ్చుకోలు గొంతు దాటి రాదు. దీన్ని మొహమాటం అనుకుని సరిపెట్టుకుంటున్నాం.

మా అమ్మకు శుక్లాల ఆపరేషన్ ఇక్కడే చేయించాను. కట్టు విప్పగానే నన్ను చూసి ‘ఏమే, ఇంత చిక్కిపోయావు?’ అంది. చాలా ఏళ్లు దాన్నే మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాను. ఆ సాయంత్రం తమ్ముడు ఫోన్ చేస్తే, ‘ఆపరేషన్ అయిపోయిందిరా’ అంది. ఎవరు చేయించారో వాడు అడగలేదు, ఆమె చెప్పలేదు.