గ్లాసులో కాఫీ ఎంత, చికోరీ ఎంత?

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో నేను ఎప్పుడూ కొనే కాఫీ పొడి కొట్టు ఒకటుంది. గింజలు అక్కడే వేయిస్తారు, అక్కడే మర పడతారు. ధర గోడ మీది నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాస్తారు. ఏళ్ల తరబడి ఆ బోర్డు వైపు చూడాల్సిన పని నాకు పడలేదు. ఈమధ్య కొట్టు మెట్లెక్కగానే కళ్లు ముందు అటే పోతున్నాయి. చెరిపి రాసీ, చెరిపి రాసీ అంకెలుండే చోట బోర్డు తెల్లబడిపోయింది.

మొన్న వెళ్తే నా ముందు ఒక రిటైరైన మేష్టారు ఉన్నారు. ఎప్పుడూ అరకేజీ కట్టించుకునే మనిషి, పావుకేజీ చాలన్నారు. "ఎయిటీ ట్వంటీయే కదా మేష్టారూ?" అని అడిగాడు కొట్టతను. అంటే నూటికి ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు అందులో కలిపే చికోరీ పొడి. ఆయన కాసేపు బోర్డు వైపు చూసి, "సిక్స్టీ ఫార్టీ అయితే ఎంత పడుతుంది?" అన్నారు.

కాఫీ ధర పెరగడం గురించి అందరం మాట్లాడుతున్నాం గానీ, అసలు మాట్లాడాల్సింది మేష్టారు అడిగిన ఆ ప్రశ్న గురించని నాకనిపిస్తుంది.

"రేటు నా చేతిలో ఏటుంది బాబూ, పైనుంచి ఎలగొస్తే అలగే" అంటాడు కొట్టతను. ఆ 'పైన' చాలా దూరంలో ఉంది. ప్రపంచంలో పండే కాఫీలో మూడో వంతుకు పైగా బ్రెజిల్‌దే. రోబస్టా రకంలో వియత్నాందే పెద్ద చెయ్యి. 2021లో బ్రెజిల్ తోటల్ని గడ్డకట్టే చలిమంచు దెబ్బతీసింది, 2024లో వానలు ముఖం చాటేశాయి. అదే ఏడాది వియత్నాంలోనూ కరువు. అక్కడి రైతుల్లో కొందరు అప్పటికే కాఫీ తీసేసి, ఇంకా డబ్బులొచ్చే దురియన్ పండ్ల తోటలు వేసుకున్నారు. 2020లో టన్ను 1,500 డాలర్ల లోపే ఉన్న రోబస్టా లండన్ మార్కెట్‌లో 2024లో 5,000 డాలర్లు దాటింది. న్యూయార్క్‌లో అరబికా అనే మరో రకం 1977 నాటి రికార్డును చెరిపేసి, 2025 ఫిబ్రవరిలో పౌను (సుమారు 450 గ్రాములు) 4 డాలర్ల పైకి పోయింది. ఆ ఆగస్టులో అమెరికా బ్రెజిల్ సరుకు మీద 50 శాతం సుంకం వేసి, నవంబరుకల్లా కాఫీని అందులోంచి తప్పించింది. ఈ ఎక్కడం, దిగడం అన్నీ మన బోర్డు మీదికి వస్తూనే ఉంటాయి. ఎక్కినవి వెంటనే వస్తాయి, దిగినవి నిదానంగా వస్తాయి. అది వేరే సంగతి.

మన దేశంలో కాఫీ పండుతుంది కదా, లండన్‌తో మనకేం పని? ఒకప్పుడు ఇంత పని లేదు. 1942 చట్టంతో వచ్చిన కాఫీ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ, రైతు పండించినదంతా తనకే అప్పజెప్పమనేది. దేశంలో ఎంత అమ్మాలో, బయటికి ఎంత పంపాలో అదే తేల్చేది. రైతుకు డబ్బులు వాయిదాల్లో, ఆలస్యంగా అందేవి. తాగేవాడికి మాత్రం అదొక గొడుగు. 1990ల మధ్యకల్లా ఆ గొడుగు తీసేశారు. రైతు తన సరుకు తనకు నచ్చినవాడికి అమ్ముకోవచ్చు. మంచిదే. కాకపోతే మన దేశపు కాఫీలో ఎక్కువ భాగం ఎగుమతికే పోతుంది. విదేశీ వ్యాపారి ఎంతిస్తాడో మనమూ ఇంచుమించు అంత ఇవ్వాల్సిందే.

సరే, మరి ఈ పెరుగుదల ఇంట్లో గ్లాసు మీద ఎంత పడుతోంది? ఒక గ్లాసు ఫిల్టర్ కాఫీకి పది గ్రాముల పొడి వేసుకుందాం. కేజీ మీద రెండు వందలు పెరిగితే గ్లాసుకు రెండు రూపాయలు. ఇంట్లో నలుగురు రెండేసి పూటలు తాగితే నెలకు అయిదు వందలకు కొంచెం తక్కువ. తక్కువేం కాదు. అలాగని కాఫీ మానుకునేంతా కాదు. హోటల్లో గ్లాసుకు అయిదో పదో పెంచినప్పుడు అందులో పొడి వాటా కొంతే. మిగతాది పాలు, గ్యాస్, అద్దె, జీతాలు. నింద మాత్రం కాఫీ గింజ మీద పడుతుంది.

అసలు తిరకాసు చికోరీలో ఉంది. లెక్క కోసం కాఫీ పొడి కేజీ 650, చికోరీ 200 అనుకుందాం. 80:20 కలిపితే కేజీ 560 పడుతుంది. ఇప్పుడు కాఫీ 900 అయింది. అదే పాళ్లలో కలిపితే 760. కొనేవాడు ఉలిక్కిపడతాడు. 60:40 కలిపితే 620. "అరవై రూపాయలే కదా పెరిగింది" అని జేబులో చెయ్యి పెడతాడు. కానీ కేజీలో 800 గ్రాములుండే కాఫీ 600 గ్రాములకు పడిపోయింది. పావు వంతు మాయం. రంగు తగ్గదు, చిక్కదనం ఇంకా పెరుగుతుంది, చేదు సరేసరి. చికోరీ ఒక దుంపవేరు. వేయించి పొడి చేస్తే కాఫీకి అన్నలా కనిపిస్తుంది గానీ అందులో కెఫీన్ ఉండదు. పొద్దున్న రెండు గ్లాసులు తాగినా మత్తు వదలడం లేదంటే వయసును తిట్టుకోకండి, ఓసారి పొడిని అనుమానించండి.

చికోరీకి నేను వ్యతిరేకిని కాను. కాస్త చికోరీ పడని డికాషన్ మా ఇంట్లో ఎవరికీ ఎక్కదు. మేష్టారు ఎంత చికోరీ కావాలో తానే తేల్చుకుంటున్నారు, అది ఆయన ఇష్టం. అడగకుండా కలిపితేనే పేచీ. ప్యాకెట్‌కు చట్టం ఉంది: మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, కాఫీ ఎంతో చికోరీ ఎంతో ప్యాకెట్ మీద రాయాలి. రాస్తారు కూడా, భూతద్దం పెట్టుకుంటే కనబడేంత సైజులో. విడిగా తూచి కట్టే పొడికి ఆ రాత ఉండదు. హోటల్ గ్లాసుకూ ఉండదు. మొన్నీమధ్య ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక చోట కాఫీ తాగాను. ధర పెరగలేదే అని ముచ్చటపడి పేపర్ కప్పు చేతిలోకి తీసుకుంటే మూడు గుటకలకే అడుగు కనబడింది. సాషేలదీ అదే దారి. ధర అంకె పెద్దగా అక్కడే ఉంటుంది, గ్రాముల అంకె వెనకవైపు చిక్కిపోతూ ఉంటుంది.

ఇన్‌స్టంట్ తాగేవాళ్లకు ఒక ఊరట వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. మిగతావన్నీ మారకపోతే వంద రూపాయల డబ్బా 89కి రావాలి. పాత డబ్బా ఇంట్లో ఉంటే పక్కన పెట్టి ధరతోపాటు గ్రాములు కూడా పోల్చుకోండి. వేయించిన కాఫీ పొడి మీద ముందునుంచీ 5 శాతమే కాబట్టి ఫిల్టర్ కాఫీవాళ్లకు ఇందులో ఒరిగిందేమీ లేదు.

ఇక కొండ మాట. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కితే సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల కింద కాఫీ మొక్కలు కనిపిస్తాయి. 'అరకు వ్యాలీ అరబికా'గా 2019లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే) గుర్తింపు పొందిన కాఫీ ఇదే. మా ఊరి నుంచి పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. అయినా మా వంటింటి సాషేకీ ఆ మొక్కకూ చుట్టరికం లేదు. సాషేలో ఎక్కువగా ఉండేది రోబస్టా, చికోరీ. కొండ మీద పండేది ముఖ్యంగా అరబికా. ఆ తోటలు ఎస్టేట్లు కావు, గిరిజన కుటుంబాల చేతిలోని ఎకరం, రెండెకరాల చెక్కలు. 2001లో అరబికా పౌను అర డాలరు కంటే కిందికి పడిపోయినప్పుడు కాఫీ చవగ్గా ఉందని మనం సంతోషించాం. ఆ ధరకు పండు కోసిన కూలి కూడా గిట్టదని మనలో ఎందరికి తట్టింది? ఇప్పుడు ధర వచ్చిందనుకునేలోపు, 2025లో అరకు తోటల్లో కాయతొలిచే పురుగు కనబడింది. పురుగు పట్టిన కాయల్ని ఏరి నాశనం చేయాల్సి వచ్చింది.

అందుకే ధర పెరిగిందని నాకు పెద్ద కోపం లేదు. గ్లాసుకు రెండు రూపాయలు ఎక్కువిస్తాను, అందులో కాస్తయినా కొండెక్కుతుందంటే ఇంకా సంతోషంగా ఇస్తాను. నా రెండు రూపాయలు మిగిల్చినట్టు నటించి గ్లాసులోంచి కాఫీని తీసేస్తేనే మండుతుంది. హోటల్ బోర్డు మీద ఇడ్లీ, పూరీ పక్కన "కాఫీ 70, చికోరీ 30" అని రాయడానికి ఎంత సుద్దముక్క అరుగుతుంది?

మేష్టారు ఆరోజు అయిదు నిమిషాలు తటపటాయించారు. చివరికి, "కాఫీ వేరే కట్టు, చికోరీ వేరే కట్టు" అన్నారు. కొట్టతను నవ్వి రెండు పొట్లాలు కట్టాడు. "ఇంట్లో నేనే కలుపుకుంటాను. పండక్కి అల్లుడొస్తే ఒకలా, మాకయితే ఒకలా" అంటూ ఆయన సంచి భుజానికి తగిలించుకున్నారు.