రోజుకి 27 గంటలు ఆడుకునే పిల్లలు ఎక్కడ దొరుకుతారు?

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. రాయగడ నుంచి బావ, పర్లాకిమిడి నుంచి పిన్ని కొడుకు, ఇంకో ఇద్దరు స్నేహితులు. ప్లేపంప్ అని, పిల్లలు ఎక్కి తిప్పితే నీళ్లు తోడే పంపు ఫొటో: తిరిగే చక్రం, దాని మీద పిల్లలు, పక్కన ఎత్తులో ట్యాంకు. "ఆఫ్రికాలో పిల్లలు ఆడుకుంటే ఊరంతటికీ ఫ్రీగా నీళ్లు! గంటకి 1,400 లీటర్లు, 2,500 మందికి సరిపోతాయి. రిపేరు ఖర్చు ట్యాంకు మీది ప్రకటనలతోనే వచ్చేస్తుంది. మన తుప్పు బోరింగులు పీకేసి ఇవి పెట్టాలి. మన ఇంజనీర్లకి ఈ బుర్ర ఏదీ?"

ప్రకటనలా? గుణుపురం దాటి కొండెక్కాక ఉన్న ఊళ్లో ఏ సబ్బు కంపెనీ బోర్డు పెడుతుంది? ఈ పంపులు పెట్టిన మొజాంబిక్‌లోనూ బోర్డులు ఖాళీగానే ఉండిపోయాయి.

ఫ్రీ సంగతి చూద్దాం. మనిషికి రోజుకి 15 లీటర్లే అనుకోండి, ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ పథకం వాళ్లు చెప్పే 55 లీటర్లు వదిలేయండి. 2,500 మందికి 37,500 లీటర్లు. గంటకి 1,400 చొప్పున దాదాపు 27 గంటలు. బడీ, అన్నమూ, నిద్రా మానేసి తిప్పినా పిల్లలు ఇంకా మూడు గంటలు బాకీ! పిల్లలు లేనప్పుడు అక్కడ తిప్పింది ఆడవాళ్లే, నడుం వంచి. పంపు ఒక్కోటి 14,000 డాలర్లు పడింది. 2010కల్లా 4,000 పెడతామన్నవాళ్లు ఆ లెక్క చేరకుండానే చేతులెత్తేశారు.

ఒళ్లు మండేది "బోరింగులు పీకేసి" అన్న మాటకి. అక్కడ నిజంగానే పీకారు, పనిచేస్తున్నవాటిని కూడా. కొత్తది చెడితే విప్పడం ఊళ్లో ఎవరికీ చేతకాక నెలల తరబడి ఎదురు చూశారు. మా వీధి చివరి బోరింగు మొన్న వేసవిలో ఎంత కొట్టినా గాలే వచ్చింది. మిస్త్రీ ఇద్దరు కుర్రాళ్లతో వచ్చి, తల విప్పి, పైపులు ఒక్కొక్కటీ పైకి లాగి, అరిగిన వాషరు మార్చి, మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్లిపోయాడు. వాషరు కన్నా వాళ్ల టీ టిఫిన్లకే ఎక్కువైంది.

ఇక బుర్ర. ఆ బోరింగు పేరు ఇండియా మార్క్ 2. అంతకుముందే ఉన్న షోలాపూర్ చేతిపంపుని చూసి, 1970ల్లో కోయంబత్తూరు వైపు పరీక్షించి మనవాళ్లు, యూనిసెఫ్ కలిసి తయారుచేసిందే. పిడికి ఒకే ఇరుసు, కడ్డీని లాగే గొలుసు. అంతే. మీ ఆఫ్రికాకీ అదే వెళ్లింది.

ఒకటి ఒప్పుకుంటాను. మా పిన్ని భుజం నొప్పి ఆ పిడి చలవే. లోతు బోరు కొట్టడం తమాషా కాదు. పిల్లలు ఎక్కువమంది ఉన్న పెద్ద బడుల్లో ఆ చక్రం పనికొచ్చింది కూడా. బడిలో పెడతామంటే, బావా, చందా నేనూ ఇస్తాను.