బాంజోని ఐర్లాండ్ ఖాతాలో రాసేయకండి

పొద్దున్నుంచి ఏ గ్రూపు తెరిచినా అదే వీడియో. నిమిషంన్నర. పచ్చటి కొండలు, పొగమంచు, గొర్రెల మంద, వెనకాల ఐదు తీగల బాంజో. దాని మీద తెలుగులో గొంతు: "ఐర్లాండ్‌లో పుట్టి ఓడెక్కిన సంగీతమే అమెరికాలో కంట్రీ మ్యూజిక్ అయింది." కింద వందల లైకులు. "ఇన్నాళ్లూ తెలియదు సార్, థ్యాంక్స్" అని కామెంట్లు. ఒళ్లు మండిపోతోంది. ఆ మాటలో సగం నిజం ఉంది, అందుకే ఎక్కువ మండుతోంది. పూర్తి అబద్ధమైతే ఒక్క రోజులో పోతుంది. సగం నిజం మాత్రం తరాల తరబడి తిరుగుతుంది.

ముందు ఆ బాంజో సంగతి. ఐర్లాండ్ కొండల మీద ఐదు తీగల బాంజో వినిపిస్తూ "ఇదీ మూలం" అంటే ఎలా ఊరుకుంటాం? బాంజో ఆఫ్రికాది. బానిసలుగా తెచ్చినవాళ్లు కరీబియన్ దీవుల్లో, వర్జీనియాలో ఎండు సొరకాయ బుర్రకు తోలు బిగించి చేసుకున్న వాద్యం అది. సెనెగాంబియా ప్రాంతంలో జోలా ప్రజల దగ్గర ఇప్పటికీ అకాంటింగ్ అని ఉంది. బుర్ర, తోలు, పొడుగాటి కర్ర, మూడు తీగలు. అందులో ఒకటి పొట్టిది, బొటనవేలితో మీటేది. బాంజో మీద ఐదో తీగ ఎందుకు పొట్టిగా ఉంటుందో, దాని మర కర్ర పక్కన మధ్యలో విడిగా ఎందుకు ఉంటుందో అక్కడ తెలుస్తుంది. క్లాహామర్ అనే పాత బాంజో పద్ధతిలో గోటిని పైనుంచి కిందికి కొట్టి, వెంటనే బొటనవేలితో ఆ పొట్టి తీగను మీటుతారు. అకాంటింగ్ వాయించే చెయ్యి కూడా ఇలాగే కదులుతుంది. ఇది ఎవరో ఈమధ్య కనిపెట్టిన సంగతి కాదు. థామస్ జెఫర్సన్ అంతటివాడే వర్జీనియా గురించి 1780లలో రాసిన పుస్తకంలో ఈ వాద్యాన్ని వాళ్లు ఆఫ్రికా నుంచి తెచ్చుకున్నారని రాశాడు. మనుషుల్ని బానిసలుగా కొని పెట్టుకున్న మనిషి ఒప్పుకున్న మాటని 240 ఏళ్ల తర్వాత మనం చెరిపేస్తున్నాం.

ఐర్లాండ్‌కి బాంజో అమెరికా నుంచే వెళ్లింది. ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను అనుకరించే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు ఇచ్చే జోయల్ స్వీనీ 1840లలో బ్రిటన్, ఐర్లాండ్ తిరిగి వచ్చాడు. ఇప్పుడు ఐరిష్ సెషన్లలో, అంటే గుంపుగా కూర్చుని వాయించే చోట, కనిపించేది అసలు వేరే బాంజో. నాలుగే తీగలు, పొట్టి తీగ లేదు, ప్లెక్ట్రమ్ అనే చిన్న బిళ్లతో మీటుతారు, 17 లేదా 19 మెట్లు. అమెరికా జాజ్ బృందాల్లో సి-జి-డి-ఎ శ్రుతిలో వాయించిన టెనర్ బాంజో అది. దాన్ని జి-డి-ఎ-ఇ కి దించి, ఫిడిల్ వేళ్ల లెక్కే ఒక స్థాయి కింద పలికేలా చేసే పద్ధతిని 1960లలో డబ్లినర్స్ బృందంలోని బార్నీ మెకెన్నా ఊరూరా పాకించాడు. వందల ఏళ్ల సెల్టిక్ ధ్వని అని మీరు పరవశించిపోయేదాని వయసు అరవై ఏళ్లు. బుజూకీ కూడా అంతే, గ్రీకు వాద్యం, 1960ల మధ్యలో జానీ మోయినహన్ చేతిలో ఐరిష్ పాటలోకి వచ్చింది. బౌరాన్ అనే ఆ తోలు డప్పు పాతదే గానీ, దాన్ని బృంద సంగీతంలోకి తెచ్చి కూర్చోబెట్టింది షాన్ ఓ రియాడా, అదీ 1960లలోనే.

ఇక ఓడల సంగతి. ఏ ఓడ? ఎవరు ఎక్కారు? కరువు కాలంలో, 1845 తర్వాత, లక్షల మంది ఐరిష్ కేథలిక్కులు వెళ్లి దిగింది బోస్టన్, న్యూయార్క్, షికాగో లాంటి పట్టణాల్లో. కంట్రీకి పుట్టినిల్లైన అపలాచియన్ కొండలకి, అమెరికా తూర్పు వైపుకి, చేరినవాళ్లు వేరు. వాళ్లు అంతకు నూరేళ్లకు పైగా ముందు, 1718 నుంచి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వరకు, ఐర్లాండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ నుంచి వచ్చిన ప్రెస్బిటేరియన్లు, అంటే ప్రొటెస్టెంట్లు. వాళ్ల తాతముత్తాతలు స్కాట్లాండ్ నుంచి, ఇంగ్లండ్ సరిహద్దు జిల్లాల నుంచి అల్‌స్టర్‌కి వలస వచ్చినవాళ్లు. లక్షకు పైగా వచ్చిన జనంలో చాలామంది పెన్సిల్వేనియాలో దిగి, గ్రేట్ వ్యాగన్ రోడ్డు పట్టుకుని షెనండోవా లోయ మీదుగా వర్జీనియా, కరోలినాలకు దిగారు. అదే దారిలో పక్కనే జర్మన్లు. కొండల్లో ఒళ్లో పెట్టుకుని వాయించే డల్సిమర్ ఆ జర్మన్ల షైట్‌హోల్ట్ నుంచి వచ్చిందే. ఇంతమందిని గంపగుత్తగా "ఐరిష్" అనేస్తే సరిపోతుందా?

వచ్చింది వచ్చిందని చెప్పాలి కదా, చెబుతాను. ట్యూన్లు వచ్చాయి, మామూలుగా కాదు, మూటలకు మూటలు. రీల్ అంటే వేగంగా సాగే డ్యాన్స్ వరుస. లార్డ్ మెక్‌డొనాల్డ్స్ రీల్ అనే స్కాటిష్ ట్యూన్ దక్షిణాదిలో లెదర్ బ్రిచెస్ అయింది. మిస్ మెక్లౌడ్స్ రీల్ హాప్ హై లేడీస్ అయింది. సోల్జర్స్ జాయ్ పేరు కూడా మార్చుకోలేదు. బల్లాడ్లు, అంటే కథ చెప్పే పాటలు, వచ్చాయి. బార్బరా అలెన్ పాటని శామ్యూల్ పెపిస్ 1666 జనవరిలోనే తన డైరీలో చిన్న స్కాచ్ పాట అని రాసుకున్నాడు, అదే పాట కెంటకీ గుడిసెల్లో బతికింది. 1916 నుంచి 1918 వరకు ఇంగ్లండ్ జానపద సేకర్తలు సెసిల్ షార్ప్, మాడ్ కార్పెలీస్ ఆ కొండలెక్కి పాటలు రాసుకున్నారు. 1917లో అచ్చేసిన పుస్తకానికి షార్ప్ పెట్టిన పేరులో అవి "ఇంగ్లిష్" జానపద గీతాలు. చూడండి, అదే కొండ, అదే ముసలమ్మ, అదే పాట. ఆ రోజు ఇంగ్లిష్, ఈ రోజు ఐరిష్. షార్ప్ తనకు కావలసింది ఏరుకున్నాడు. బాంజోనీ, నల్లవాళ్ల పాటనీ పెద్దగా పట్టించుకోలేదు. ఆ గల్లంతే ఇవాళ్టి వీడియో దాకా వచ్చింది.

సరే, చెవులతోనే తేల్చుకుందాం. ఒక్క ప్రశ్న. అది ఐర్లాండ్ సంగీతమే అయితే జిగ్‌లు ఎక్కడికి పోయాయి? ఏ ఐరిష్ సెషన్‌లో కూర్చున్నా రీల్స్ తర్వాత ఎక్కువ వినిపించేది 6/8 నడకలో జిగ్. మన తిశ్ర నడకలా తకిట తకిట. దక్షిణ అపలాచియాలో ఆ నడక దాదాపు కనుమరుగైంది. న్యూ ఇంగ్లండ్ కాంట్రా డ్యాన్సుల్లో ఉంది, కెనడాలో కేప్ బ్రెటన్‌లో నిక్షేపంగా ఉంది, వర్జీనియా కొండల్లో లేదు. వచ్చినవాళ్లు జిగ్ తెలియక రాలేదు. పక్కన నల్ల ఫిడ్లర్లు, బాంజో వాయించేవాళ్లు ఉన్నచోట డ్యాన్స్ మారింది, తాళం చతురశ్రంలో స్థిరపడింది, ఊనిక దెబ్బ మీద నుంచి దెబ్బకీ దెబ్బకీ మధ్యకి జరిగింది.

ఫిడిల్ తీసుకోండి. ఐరిష్ ఫిడ్లర్ పని ఎక్కువగా ఎడమచేతి వేళ్లలో ఉంటుంది. రోల్ అంటే ఏమిటంటే అసలు స్వరం, పై వేలితో ఒక చురక, మళ్లీ అసలు స్వరం, కింది వైపు ఒక తాకిడి, మళ్లీ అసలు స్వరం. ఈ ఐదూ కలిపి మూడు ఎనిమిదో వంతు స్వరాల కాలంలో అయిపోవాలి. చురక స్వరంగా వినిపిస్తే రోల్ చెడినట్టే, అది తాళం దెబ్బలా మాత్రమే తగలాలి. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది అక్కడే, వేలు తీగ మీద అర క్షణం ఎక్కువ ఆగుతుంది. అపలాచియన్ ఫిడ్లర్ దగ్గర రోల్స్ చాలా తక్కువ. అతని పనంతా కుడిచేతి కమానులో. ఒకటి పొడుగు, రెండు పొట్టి, ఒకటి పొడుగు, రెండు పొట్టి, దాన్నే షఫుల్ అంటారు. పైగా రెండు తీగలు కలిపి లాగుతూ ఒకటి శ్రుతిలా మోగిస్తూనే ఉంటాడు.

కూర్చునే తీరు కూడా వేరే. ఐరిష్ సెషన్‌లో ఒక్కో ట్యూన్ మామూలుగా మూడుసార్లు. రీల్‌కి 32 బార్లు, వేగాన్ని బట్టి ఒక రౌండు 35 సెకన్లు. రెండు నిమిషాల్లోపే ఆపకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు, శ్రుతి మారినా సరే. అపలాచియన్ వాళ్ల ఓల్డ్ టైమ్ జామ్‌లో ఒకే ట్యూన్ పది పదిహేను రౌండ్లు తిరుగుతుంది, పూనకం వచ్చేదాకా. శ్రుతి ఒకసారి ఎ లో పెట్టుకుంటే గంటసేపు ఎ లోనే. కారణం బాంజో. జి నుంచి ఎ కి వెళ్లాలంటే రెండో మెట్టు మీద కాపో అనే తీగలు నొక్కే బిగింపు వేసి, పొట్టి తీగను ఏడో మెట్టు దగ్గర కొట్టిన చిన్న మేకు కింద ఇరికించాలి. డి కావాలంటే ముందు డబుల్ సి అనే వేరే శ్రుతికి మార్చి, ఆ పైన మళ్లీ కాపో. ప్రతి ట్యూన్‌కీ ఇది చేస్తూ కూర్చుంటే రాత్రి తెల్లారిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి మన కర్ణాటక సంగీతం పిల్లలు తప్పకుండా వినాలి. ఆ కొండల ఫిడ్లర్లు ఎ ట్యూన్లకి ఫిడిల్‌ని ఎ-ఇ-ఎ-ఇ కి మారుస్తారు. జి తీగ ఒక స్వరం పైకి, డి తీగ ఒక స్వరం పైకి. లెక్క వేయండి: షడ్జం, పంచమం, షడ్జం, పంచమం. అచ్చం మన వయొలిన్ శ్రుతి! చేసి చూసేవాళ్లకి ఒక జాగ్రత్త. కింద ఉండే ఫైన్ ట్యూనర్ ఒక పూర్తి స్వరం మోయదు, పైన బిరడాతోనే తిప్పాలి. రెండు తీగలు బిగిస్తే బ్రిడ్జ్ మీద ఒత్తిడి పెరిగి మిగతా రెండూ కాస్త జారతాయి, నాలుగూ రెండోసారి చూసుకోవాలి. పాత తీగైతే తెగుతుంది.

ఇప్పుడు చెప్పండి. మన వయొలిన్ కూడా యూరప్ నుంచి ఓడలోనే వచ్చింది. సెయింట్ జార్జి కోట తెల్లవాళ్ల దగ్గర బాలుస్వామి దీక్షితులు నేర్చుకున్నారు. ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య వరుసలకు కట్టిన నోట్టు స్వరాల్లో "వందే మీనాక్షి" వరుస రేక్స్ ఆఫ్ మాలో అనే ఐరిష్ ట్యూనే. మరి విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వాయించినది ఐర్లాండ్ సంగీతమని ఎవరైనా అంటే ఊరుకుంటామా? వాద్యం వచ్చిన ఓడ వేరు, ఆ వాద్యానికి మాట నేర్పిన మనుషులు వేరు అని మన విషయంలో చక్కగా అర్థమవుతుంది. నల్లవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అర్థం కాదు?

అసలు మంట ఇక్కడుంది, ఆ వీడియో ఒక సాకు. 1920లలో రికార్డు కంపెనీలు కేటలాగుల్లో గోడలు కట్టాయి. కొలంబియా కంపెనీ తెల్ల దక్షిణాది సంగీతానికి 15000-డి వరస, నల్లవాళ్లకి 14000-డి "రేస్" వరస, ఐరిష్ వాళ్లకి 33000-ఎఫ్ వరస పెట్టింది. ఊళ్లో శనివారం రాత్రి ఒకే డ్యాన్సులో కలిసిన సంగీతం దుకాణంలో మూడు అరల్లోకి పోయింది. నల్ల ఫిడ్లర్ వచ్చి రీల్ వాయిస్తానంటే బ్లూస్ పాడమన్నారు. ఆ తర్వాత వచ్చిన వాళ్లు ఆ అరలనే చరిత్ర అనుకున్నారు.

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. 1927లో రాల్ఫ్ పీర్ టెనెసీలోని బ్రిస్టల్‌లో రికార్డు చేసిన కార్టర్ కుటుంబాన్ని కంట్రీకి పునాది అంటారు. ఆ తర్వాత ఏళ్లలో ఎ.పి. కార్టర్ పాటల కోసం ఊళ్లు తిరిగినప్పుడు పక్కన ఉన్నది లెస్లీ రిడిల్, నల్ల గిటారిస్టు, సిమెంట్ ఫ్యాక్టరీ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న మనిషి. కార్టర్ మాటలు రాసుకునేవాడు, రిడిల్ వరసను మనసులో పట్టుకొచ్చేవాడు. ఆ కుటుంబంలోని మేబెల్ కార్టర్ అతని దగ్గర గిటార్ మెళకువలు నేర్చుకుంది. రికార్డుల మీద అతని పేరు లేదు. కంట్రీలో ఒక శాఖ అయిన బ్లూగ్రాస్‌కి తండ్రి బిల్ మన్రో, ఆర్నాల్డ్ షుల్జ్ అనే నల్ల గిటారిస్టు పక్కన డ్యాన్సుల్లో వాయించానని తనే చెప్పుకున్నాడు. కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్‌కి వీధిలో పాట నేర్పింది నల్లవాడైన రూఫస్ పేన్. నాష్‌విల్ రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీ తొలి తారల్లో ఒకడైన నల్ల వాద్యకారుడు డెఫోర్డ్ బెయిలీ, రైలు కూతని హార్మోనికాలో పలికించినవాడు, 1941లో ఉద్యోగం పోయి నాష్‌విల్‌లో బూట్లు పాలిష్ చేసే దుకాణం మీద బతికాడు. 1982లో పోయాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు అతనికి 2005లో తెరుచుకుంది.

ఇంకా ఉంది. ఆ ఏడుపు లాంటి స్టీల్ గిటార్ హవాయిది, జోసెఫ్ కెకూకూ లాంటి వాళ్లు పట్టుకొచ్చింది. తొలి కంట్రీ గాయకుల్లో ఒకడైన జిమ్మీ రోజర్స్ గొంతు ఎగరేసి పాడే యోడెల్ ఆల్ప్స్ పర్వతాలది, దాని కింద నడిచే పాట నల్లవాళ్ల బ్లూస్, 1930లో ఒక యోడెల్ రికార్డు మీద ట్రంపెట్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. తీసేయండి ఇవన్నీ. మిగిలింది వాయించి చూడండి, దాన్ని కంట్రీ అని ఎవరూ గుర్తుపట్టరు.

ఐర్లాండ్ మీద నాకేం కోపం లేదు. స్లైగో నుంచి న్యూయార్క్ వెళ్లిన మైకేల్ కోల్మన్ 1920లలో ఇచ్చిన రికార్డులంటే ప్రాణం. ఆ రికార్డులు ఐర్లాండ్‌కి తిరిగి వెళ్లి అక్కడి పల్లెటూళ్ల వాయిద్యాన్నే మార్చేశాయి. కోల్మన్ దగ్గర వర్జీనియా లేదు, వర్జీనియా ఫిడ్లర్ దగ్గర స్లైగో లేదు, ఇద్దరూ ఒకే దశాబ్దంలో, అదే దేశంలో రికార్డు చేసినా. అంత గొప్ప సంగీతానికి పక్కింటివాళ్ల బాంజో అరువు తెచ్చి పెట్టాల్సిన అవసరం ఏముంది?

షేర్ చేసే ముందు మూడు వినండి. కోల్మన్ రీల్ ఒకటి. 1922లో టెక్సాస్ ఫిడ్లర్ ఎక్ రాబర్ట్‌సన్ వాయించిన శాలీ గుడెన్ ఒకటి. నార్త్ కరోలినా నల్ల ఫిడ్లర్ జో థామ్సన్ వాయించింది ఏదైనా ఒకటి. కమాను ఎక్కడ ఊగుతోందో చూసి, రెండోదానికి ఎవరు దగ్గర చుట్టమో కింద కామెంట్‌లో రాయండి.